మిఠాయిరంగు చెప్పిన రహస్యం

ఇలాంటి సంగతి పత్రికలో రాయడమేమిటని కొందరు ముఖం చిట్లించవచ్చు. వంటింటి గురించి ఎన్ని కబుర్లయినా చెప్పుకొంటాం గాని, మరుగుదొడ్డి మాట వచ్చేసరికి గొంతు తగ్గించేస్తాం. కాని ఇంటి నీటి అవసరం లెక్కకట్టే మన దేశపు ప్రమాణాలలో మనిషికి రోజుకు 45 లీటర్లు దానికే కేటాయించారు. ఆ సంగతి నాకు పట్టింది కిందటి వేసవిలో, అదీ మా మామగారి వల్ల.

మేము హైదరాబాదులో పన్నెండు వాటాల భవనంలో వుంటున్నాం. ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఎండిపోయి, టాంకర్లు తెప్పించడం మొదలైంది. నెలాఖరున లెక్క చూసిన మావారు, "రాత్రిళ్ళు ఊరికే ఫ్లష్ తిప్పుతున్నది ఎవరు? తిప్పినప్పుడల్లా ఒక బకెట్టు పోతోంది!" అని కేకలేశారు. ఎవరినీ వుద్దేశించి అన్న మాట కాదు. కాని ఇంట్లో రాత్రి మూడుసార్లు లేచేది మామగారొక్కరే. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు.

వారం తిరిగేసరికి ఒకటి గమనించాను. ఆయన మంచం పక్కన పెట్టిన మంచినీళ్ళ చెంబు పెట్టింది పెట్టినట్టే తెల్లవారుతోంది. అడిగితే, "దాహం లేదమ్మా" అన్నారు. మండువేసవిలో దాహం లేకపోవడమేమిటి? నెమ్మదిగా అడగగా అడగగా, "తాగితే లేవాలి, లేస్తే నీళ్ళు పోతాయి కదమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నీళ్ళు పొదుపు చెయ్యడమంటే పెద్దవాళ్ళు దాహంతో పడుకోవడమా?

మర్నాడే ప్లంబరును పిలిపించాం. అతను ఫ్లష్ టాంకు మూత తీసి, లడ్డూలలో వేసే ఎర్ర మిఠాయిరంగు కాస్త కలిపి, "అరగంటసేపు ఎవరూ వాడకండమ్మా" అన్నాడు. అరగంట తరవాత చూస్తే కమోడులో ఎర్రటి చార! టాంకు అడుగున రబ్బరు బిళ్ళ అరిగిపోయి, రాత్రింబగళ్ళు చప్పుడు లేకుండా నీళ్ళు కారిపోతున్నాయన్నమాట. నేరం రబ్బరు బిళ్ళది, నింద మామగారికి!

బిళ్ళ మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాలేదు. మీరు కూడా కొత్త సామాను కొనబోయేముందు ఈ పరీక్ష చేసి చూడండి.

ఇక టాంకు సంగతి. మాది పాతికేళ్ళనాటిది. తిప్పినప్పుడల్లా 10 లీటర్లు గుమ్మరించేది. ఇప్పుడు వచ్చేవాటిలో రెండు మీటలుంటున్నాయి. పెద్దమీట నొక్కితే 6 లీటర్లు, చిన్నమీట నొక్కితే 3 లీటర్లు వచ్చేవి దొరుకుతాయి. ఈ రెండు మీటల పద్ధతి 1980 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో వచ్చింది. కరువు రుచి తెలిసిన దేశం కదా!

లెక్క వేసి చూడండి. ఇంట్లో అయిదుగురు, మనిషికి రోజుకు అయిదుసార్లు అనుకుందాం. పాత టాంకుకు 250 లీటర్లు. కొత్తదానికి పెద్దమీట అయిదుసార్లు, చిన్నమీట ఇరవైసార్లు, మొత్తం 90. రోజుకు 160 లీటర్లు, అంటే పది బిందెల నీళ్ళు మిగిలాయి. నెలకు 4,800 లీటర్లు. ఇంచుమించు ఒక చిన్న టాంకరు!

అయితే ఒక హెచ్చరిక. టాంకు ఒక్కటే మార్చి పాత కమోడు వుంచుకోకండి. ఎక్కువ నీళ్ళకు తగ్గట్టు తయారైన కమోడు తక్కువ నీళ్ళతో సరిగా శుభ్రపడదు. రెండుసార్లు నొక్కితే పొదుపంతా నీళ్ళపాలే. రెండూ జతగానే కొనండి. గొట్టం నేలలోకి పోతుందో గోడలోకి పోతుందో చూసుకోండి. నేలలోకయితే గోడ నుంచి గొట్టం నడిమికి ఎంత దూరమో కొలిపించుకొని మరీ దుకాణానికి వెళ్ళండి. బిగించాక ఏ మీట ఎందుకో పిల్లలకీ, వచ్చిన చుట్టాలకీ మొహమాటపడకుండా చెప్పండి.

ఇప్పట్లో కొనలేనివారు ఒక లీటరు సీసాలో నీళ్ళు నింపి, మూత బిగించి, ఫ్లోటుకు తగలకుండా టాంకులో నిలబెట్టండి. ప్రతిసారీ సుమారు లీటరు మిగులుతుంది. శుభ్రత తగ్గిందనిపిస్తే తీసెయ్యండి. ఇటుక మాత్రం పెట్టవద్దు. అది నాని రాలిన పొడి బిళ్ళ కింద చేరితే మళ్ళీ కారడం మొదలు.

నాగార్జునసాగర్ నుంచి కృష్ణనూ, ఎల్లంపల్లి నుంచి గోదావరినీ వంద కిలోమీటర్లకు పైగా నడిపించి, శుద్ధిచేసి మా నగరానికి తెస్తున్నారు. అలా వచ్చిన నీటిని ఒక అరిగిన బిళ్ళ కోసం పారబోసుకొని, ఇంట్లో పెద్దవాళ్ళ దాహం దగ్గర లెక్కలు చూడడం ఏం న్యాయం?

మామగారి చెంబు ఇప్పుడు తెల్లవారేసరికి ఖాళీగా వుంటోంది. రాత్రివేళ చిన్నమీట చప్పుడు వినబడితే మావారు, "నాన్నగారు నీళ్ళు తాగారన్నమాట" అని అటు తిరిగి పడుకొంటారు.