శోకగృహానికి ఒక గిన్నె సంకటి



కొన్నేళ్ల క్రితం డిసెంబరు నెలలో, జి.కొండూరులో మా అమ్మీ కన్నుమూసింది. ఖననం జరిగిన మరునాటి సాయంత్రానికి కూడా అబ్బా ఏమీ తినలేదు. పరామర్శకు వచ్చిన బంధువులతో ఇల్లంతా నిండి ఉన్నది. వారందరికీ టీలు కాచి అందిస్తూ నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను. ఏడ్చేందుకు కూడా నాకు తీరిక చిక్కలేదు.

దీపాలు పెట్టే వేళకు ఎదురింటి రైతు కుటుంబపు పెద్దమ్మ కొంగుతో పట్టుకుని ఒక వేడి గిన్నె తెచ్చింది. “మీ నాయనగారు ఎంగిలి పడ్డారా అమ్మా?” అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె గడప దగ్గర నిలబడి, “అన్నయ్యా, మీరు తింటేగాని పిల్ల తినదు” అని మాత్రమే అన్నది. అబ్బా నా ముఖం చూసి, గిన్నె అందుకున్నారు. అందులో ఉన్నది పాలు పోసి మెత్తగా ఉడికించిన మొక్కజొన్న సంకటి.

మన మెట్ట ప్రాంతానికి ఇటువంటి వంట కొత్తది కాదు. జగ్గయ్యపేట, నందిగామ, మైలవరం వైపు పాత తరంవారు జొన్న సంకటి తిని పెరిగినవారే. తెలంగాణలో మొక్కజొన్న రవ్వతో వండేదానిని మక్క గటక అంటారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చిన తరువాత వరి అన్నం పేద ఇంటికి కూడా నిత్యాహారమయింది. అది మేలే. కాని దానితోపాటు సంకటి పేదరికపు గుర్తుగా మిగిలిపోయింది. నేడు మన చేలలో పండే మొక్కజొన్నలో అధికభాగం కోళ్ల దాణాకు పోతున్నది. అదే ధాన్యాన్ని ఉత్తర ఇటలీ ప్రజలు ‘పొలెంటా’ పేరుతో చలికాలపు భోజనంగా వండుకుంటారు. తుర్కియేలో నల్లసముద్ర తీరపు ముస్లిం కుటుంబాలు మొక్కజొన్న పిండిని వెన్న, జున్నుతో కలిపి ‘కుయ్‌మక్’ చేసుకుంటాయి.

వండే విధానం

విత్తనాల కోసం మందు కలిపి రంగు వేసిన గింజలను ఎన్నడూ వాడరాదు. తిండి గింజలలో కూడా నల్లబడినవాటిని, బూజు పట్టినవాటిని ఏరివేయాలి. బూజువల్ల పుట్టే విషం కడిగినా, ఉడికించినా పూర్తిగా పోదు. మంచి గింజలను బొంబాయి రవ్వ కంటె కొంచెం బరకగా మర పట్టించి, చెరిగి పొట్టు తీయాలి. గింజలో నూనె ఉంటుంది కనుక రవ్వ నిలవ ఉంటే చేదెక్కుతుంది. కొద్దికొద్దిగా పట్టించుకోవడం మంచిది.

నలుగురికి ఒక గ్లాసు రవ్వ సరిపోతుంది. రవ్వను ఒక గ్లాసు చన్నీటిలో కలిపి ఉంచండి. ఇట్లా చేస్తే ఉండలు కట్టదు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూడు గ్లాసుల నీరు మరిగించి, తగినంత ఉప్పు వేసి, తడిపిన రవ్వను ఒక చేత్తో పోస్తూ రెండవ చేత్తో తిప్పాలి. మొదటి అయిదు నిమిషాలు తెడ్డు ఆపరాదు. చిక్కబడిన తరువాత సెగ బాగా తగ్గించి, మూడు నాలుగు నిమిషాలకొకసారి అడుగు నుండి కలపాలి. కుతకుతలాడుతూ చిమ్ముతుంది కనుక పొడవు పిడి ఉన్న తెడ్డు వాడండి, పిల్లలను దూరంగా ఉంచండి.

ఇరవై నిమిషాలయ్యాక ఒక గ్లాసు వేడి పాలు పోయండి. మరీ బిగుసుకుంటే కొంచెం వేడి నీరు కలపండి. మొత్తం నలభై నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకే చిక్కబడింది కదా అని దించితే రవ్వ లోపల పచ్చిగా ఉండి నాలుకకు గరగరలాడుతుంది. గింజలోని పిండి నెమ్మదిగా నీరు పీల్చుకుని ఉబ్బినప్పుడే వెన్నవంటి మెత్తదనం వస్తుంది. వేళ్ల మధ్య నలిపితే పలుకు తగలకూడదు. గరిటె జారుగా ఉండగానే దించి, ఒక చెంచా నెయ్యి, చిటికెడు మిరియాల పొడి కలపాలి. చల్లారితే గట్టిపడుతుంది. మిగిలినదాన్ని పళ్లెంలో పరచి, మరునాడు ముక్కలుగా కోసి పెనం మీద కాల్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త

సంకటిని ఒంటరిగా నిత్యాహారం చేసుకోకూడదు. మొక్కజొన్నలోని నయాసిన్ అనే విటమిన్ మన శరీరానికి సులభంగా అందదు. ఇటలీలో పేదలు ఏడాది పొడుగునా పొలెంటాతోనే కడుపు నింపుకొన్న కాలంలో, చర్మం గరుకెక్కి, విరేచనాలై, మతి చలించే వ్యాధి వ్యాపించింది. 1771లో ఫ్రాపొల్లి అనే మిలాన్ వైద్యుడు దానికి ‘పెల్లాగ్రా’ అని పేరు పెట్టాడు. జొన్న మీదనే ఆధారపడిన దక్కను ప్రాంతపు పేదలలో కూడా ఆ వ్యాధి కనిపించింది. హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, శ్రీకంఠయ్యలు దానిపై పరిశోధించి 1960లో తమ ఫలితాలను ప్రకటించారు. అందుచేత సంకటి పక్కన పాలకూర పప్పు గాని, వేరుశెనగ పచ్చడి గాని, మాంసపు షోర్బా గాని ఉండాలి. మధుమేహం ఉన్నవారు కొద్ది పరిమాణంలోనే తీసుకోవాలి.

గిన్నె ఎటు వెళ్లాలి?

అబ్బా ఆ సాయంత్రం సగం గిన్నె తిన్నారు. మిగిలినది నా వైపు జరిపారు. చాలాకాలం తరువాత హదీసు గ్రంథంలో తల్బీనా గురించి చదివినప్పుడు నాకు ఆ గిన్నె గుర్తుకు వచ్చింది. బంధువులలో ఎవరైనా చనిపోతే, వచ్చిన స్త్రీలు వెళ్లి ఇంటివారూ, దగ్గరివారూ మిగిలిన తరువాత, హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా అనే జావ వండించేవారట. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందనీ, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందనీ దైవప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని ఆమె తెలిపారు. తల్బీనా బార్లీతో చేసేది, మనది మొక్కజొన్న. కాని దుఃఖంలో ఉన్నవారి గొంతు దిగగలిగిన ఆహారమేదో రెండు చోట్లా ఒక తల్లికి తెలిసింది.

ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు, ఆయన ఇంటివారికి ఆహారం తయారు చేయవలసిందిగా దైవప్రవక్త (సఅసం) ఇతరులను ఆదేశించారు. ఆహారం ఇరుగుపొరుగు నుండి శోకగృహానికి వెళ్లాలి. మన ఊళ్లలో జరుగుతున్నది దానికి విరుద్ధం. కన్నీరు ఆరకముందే ఆ ఇంటి ఆడపిల్ల వచ్చినవారందరికీ వండి వడ్డించవలసి వస్తున్నది. కొందరు అప్పు చేసి మరీ విందు పెడుతున్నారు. అంతకంటె భారం మరొకటి ఉంటుందా?

ఈ చలికాలంలో మీ వీధిలో ఎక్కడైనా మరణం సంభవిస్తే, వారిది ఏ మతమైనా సరే, నలభై నిమిషాలు మీ పొయ్యి దగ్గర నిలబడండి. గిన్నె పట్టుకుని వెళ్లండి. అక్కడ టీ తాగకుండా, వీలైతే ఆ ఇంటి పిల్ల చేతిలోని గరిటె అందుకుని రండి.

ఎదురింటి పెద్దమ్మ ఇప్పుడు వృద్ధురాలయింది. పళ్లు లేవు. శుక్రవారం నాడు సంకటి వండితే ఒక గిన్నె ఆమెకు పంపుతున్నాను. పొరుగువారి హక్కును నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.