బంకు మూతపడినా విషం మూతపడదు

రోడ్లు వెడల్పు అవుతున్నాయి, బైపాసులు పడుతున్నాయి. దాంతో ఊరి మొగదల ఉన్న పాత పెట్రోలు బంకులు కొన్ని మూతపడుతున్నాయి. రోడ్డు పక్క జాగా గనుక వెంటనే వ్యాపారుల కన్ను దానిమీద పడుతుంది. పంపులు పీకేస్తారు, రేకులు విప్పేస్తారు, ఇక కాంప్లెక్సు కట్టడమే తరువాయి అంటారు. ఆ నేలను తవ్వేది ఎవరు? పొలం పనులు లేని రోజుల్లో పలుగూ పారా పట్టుకొచ్చే మగకూలీలు, మట్టి తట్టలు మోసే ఆడకూలీలు. కనుక ఇది పట్నం గొడవ, మనకెందుకులే అని ఊరుకోవడానికి వీల్లేదు.

బంకు కింద వేల లీటర్లు పట్టే ఇనుప ట్యాంకులు పాతిపెట్టి ఉంటాయి. ఏళ్ల తరబడి భూమిలో ఉన్న ఇనుము తుప్పు పడుతుంది. అతుకుల దగ్గర, పైపుల దగ్గర చుక్కచుక్కగా కారుతుంది. అమెరికాలో 1984లో చట్టం చేసి వెతకడం మొదలుపెట్టాక, ఇప్పటిదాకా 5 లక్షల 50 వేలకు పైగా ఇలాంటి లీకులు బయటపడ్డాయి.

కారిన పెట్రోలు మట్టిలో ఇంకి భూగర్భ జలాన్ని చేరుతుంది. అందులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కలిగించే పదార్థం. తాగేనీటిలో అది లీటరుకు గ్రాములో లక్షో వంతు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఇప్పటి పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండవచ్చు. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోలు 8 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాటించగలదు. అంత కొద్ది మోతాదులో నీటి రంగు మారదు, వాసనా తెలియదు. పక్కనున్న బోరు నీళ్లు తాగేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? 2000 సంవత్సరం దాకా మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు కూడా అమ్మారు. మట్టిలో చేరిన సీసం తనంతట తాను పోయేది కాదు.

ఖాళీ ట్యాంకు అసలు ఉరి. అడుగున మిగిలిన మడ్డి నుంచి లేచే ఆవిరి గాలికన్నా బరువు, గోతిలోనే నిలబడుతుంది. దిగినవాడు స్పృహ తప్పుతాడు. బీడీ నిప్పు, గ్యాస్ కట్టర్ రవ్వ తగిలితే పేలిపోతుంది. ఆవిరి లేదని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేదాకా మనిషి ట్యాంకులో దిగరాదని పెట్రోలియం నిబంధనలు చెబుతున్నాయి. మేస్త్రీ మాత్రం "ఖాళీదేగా, దిగరా" అంటాడు.

తవ్విన మట్టి ఎక్కడికి పోతుంది? ట్రాక్టర్లకెత్తి పల్లపు వాడల్లో మెరక పోస్తారు. ఊరికే వచ్చిందని సంబరపడి మన పిల్లలు ఆడుకునే చోటే పరుచుకుంటాం.

పరీక్షలంటూ పని ఆపితే కూలి పోతుంది కదా అని కొందరు అడుగుతారు. ఆకలి గురించి మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పని వద్దని మేము అనడం లేదు. ముందు పరీక్ష, తర్వాత తవ్వకం అంటున్నాం. నేలను బాగుచేయడమూ పనే, దానికీ కూలి వస్తుంది.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చింది. రాజస్థాన్‌లోని బిఛ్రి గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలతో రైతుల బావులు పాడైపోతే, పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిబంధనలు కూడా తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. అయితే అడిగేవాడు లేకపోతే రూలు బీరువాలోనే ఉంటుంది.

కాబట్టి మేము కోరేది ఇది. పాత బంకు జాగాలో పునాది తీయకముందే మట్టినీ, చుట్టుపక్కల బోర్ల నీటినీ కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి. ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. ఖర్చు బంకు నడిపి లాభం తీసినవాళ్లే పెట్టుకోవాలి. పరీక్ష కాని మట్టి ఆ జాగా దాటకూడదు.

కార్యకర్తలు తమ మండలంలో మూతపడిన బంకుల జాబితా రాసి కలెక్టరుకు అర్జీ పెట్టాలి. గ్రామసభలో తీర్మానం చేయించాలి. కూలీలు సర్టిఫికెట్ కళ్లతో చూడనిదే గోతిలో దిగవద్దు. ఒక్కడు కాదంటే మేస్త్రీ ఇంకొకణ్ణి పిలుస్తాడు. అందరూ కలిసి కాదంటేనే కాగితం బయటికి వస్తుంది.