ఊళ్ళు మారిన పోటీ

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో ర్యాన్ హారిసన్ అనే యువకుడు జార్జియా దేశస్థుడైన నికొలోజ్ బసిలష్విలిని వరుస సెట్లలో ఓడించి, తన జీవితంలో తొలి ఏటీపీ సింగిల్స్ టైటిల్‌ను అందుకొన్నాడు. మరుసటి సంవత్సరం దానిని నిలుపుకొనేందుకు అతడు మెంఫిస్‌కు వెళ్ళవలసిన అవసరం కలుగలేదు. అక్కడ పోటీయే లేదు. నలభై యేళ్ళపాటు ఆ ఊరి ఫిబ్రవరి మాసానికి ఆనవాలుగా నిలిచిన ఇండోర్ టెన్నిస్ పోటీలు ఆ ఆదివారంతో ముగిశాయి.

ఆ పోటీల వయస్సు మాత్రం నలభై కాదు. అమెరికా జాతీయ ఇండోర్ పోటీలు 1898లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్ సెంటర్ అనే ఊళ్ళో మొదలయ్యాయి. మంచు కురిసే నెలల్లో పచ్చికపై ఆట సాగదు కనుక, ఇంటికప్పు క్రింద ఆడుకొనే ఏర్పాటు అది. అచిరకాలంలోనే అవి న్యూయార్క్ నగరానికి చేరాయి. అక్కడ ఏడవ రెజిమెంటు ఆయుధాగారంలో, సైనికులు కవాతు చేసే విశాలమైన చెక్క నేలపై గీతలు గీసి, వల కట్టి ఆడేవారు. చెక్కపై పడిన బంతి పైకి లేవదు, జారినట్లు దూసుకుపోతుంది. నిదానంగా ఆడేవారికి అది నరకం. ముందుకు ఉరికి వల దగ్గర బంతిని అందుకొనేవారికి స్వర్గం. ఫ్రాన్సు దేశపు జాన్ బొరోత్రా ఈ రెండవ కోవకు చెందినవాడు. పెట్రోలు పంపులు తయారుచేసే సంస్థలో పనిచేస్తూ, తలపై బాస్కు టోపీతో కోర్టంతా గంతులు వేసే ఈ ఆటగాడు 1925, 1927, 1929, 1931 సంవత్సరాలలో నాలుగుసార్లు ఈ పోటీలో విజేత అయ్యాడు.

1964లో ఈ పోటీలు మహానగరాన్ని విడిచి ఒక చిన్న పట్టణానికి వెళ్ళాయి. ఆ ఊరు మేరీలాండ్ రాష్ట్రంలోని శాలిస్‌బరీ. జనాభా ఇరవై వేలు కూడా లేదు. చుట్టుప్రక్కల కోళ్ళ పెంపకమే ప్రధాన వృత్తి. న్యూయార్క్ వంటి మహానగరం వదులుకొన్న జాతీయ పోటీని కోళ్ళ ఊరు నెత్తికెత్తుకోవడానికి ఒక్క మనిషి కారణం. ఆయన పేరు బిల్ రియోర్డన్. ఆటగాళ్ళను పిలిపించడం, పత్రికలవారిని ఆకర్షించడం, పెద్దవారితో తగవు పెట్టుకోవడం, ఈ మూడింటిలోనూ ఆయన అందెవేసిన చేయి. శాలిస్‌బరీ ప్రజలు చలికాలపు సాయంత్రాలలో తమ ఊరి సభాభవనంలోనే ప్రపంచ ప్రసిద్ధులను చూడగలిగారు.

ఆ రోజులలో డల్లాస్ నగరపు ధనవంతుడు లామార్ హంట్ డబ్ల్యు.సి.టి. అనే సంస్థ ద్వారా పేరున్న ఆటగాళ్ళతో ఒప్పందాలు కుదుర్చుకొని, వృత్తి టెన్నిస్‌ను తన వెంట తిప్పుకొంటున్నాడు. రియోర్డన్ లొంగలేదు. పోటీగా తానొక ఇండోర్ సర్క్యూట్ నడిపాడు. అందులో అతని ప్రధాన ఆకర్షణ జిమ్మీ కానర్స్. రియోర్డన్ అతనికి మేనేజరు కూడా. 1973, 1974, 1975 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు శాలిస్‌బరీలో గెలిచినవాడు కానర్సే. మేనేజరు నడిపే పోటీలో అతని ఆటగాడే గెలుస్తూ ఉంటే లోకం నాలుగు మాటలు అనకపోదు. కాని 1974లో ఆస్ట్రేలియా, వింబుల్డన్, అమెరికా టైటిళ్ళు మూడూ గెలిచినవాడికి శాలిస్‌బరీలో ఎవరి దయా అక్కరలేదు. ఆ ఏడాది ఫ్రెంచ్ పోటీలకు అతనిని రానివ్వలేదు. రియోర్డన్ తగవును టెన్నిస్ కోర్టుల నుండి న్యాయస్థానాలకు లాగాడు. 1975 వింబుల్డన్ ఫైనల్లో ఆర్థర్ ఆష్ చేతిలో ఓడేనాటికి కానర్స్ ఆష్‌పైనే దావా వేసి ఉన్నాడు. ఆ సంవత్సరంలోనే దావాలు వెనక్కి వెళ్ళాయి. కానర్స్, రియోర్డన్ విడిపోయారు. 1976లో నస్తాసే గెలుపుతో శాలిస్‌బరీ కథ ముగిసింది. మరుసటి సంవత్సరం ఆ ఊరి సభాభవనం అగ్నికి ఆహుతి అయింది.

1977లో పోటీలు మెంఫిస్ చేరాయి. ఈసారి ఆదుకొన్నది ఒక పత్తి వర్తకుడు, బిల్లీ డునవాంట్. మిసిసిపీ నదీతీరాన పత్తి బేళ్ళ వ్యాపారంతో ఎదిగిన ఆ నగరంలో ఆయన రాకెట్ క్లబ్‌ను నిర్మించి, ఈ పోటీలను అక్కడికి రప్పించాడు. తొలి విజేత బోర్గ్. కానర్స్ అక్కడా నాలుగుసార్లు గెలిచి, మొత్తం టైటిళ్ళను ఏడుకు చేర్చుకొన్నాడు. జర్మనీ యువకుడు మైకేల్ స్టిచ్‌కు తొలి టైటిల్ దక్కినది 1990లో ఇక్కడే. 2011 ఫైనల్ చివరి పాయింటులో ఆండీ రాడిక్ గాలిలోకి ఎగిరి, బోర్లా పడుతూ కొట్టిన బంతి మిలోస్ రావోనిచ్‌ను దాటిపోయింది. 2013 నుండి 2016 వరకు జపానీయుడు నిషికోరి వరుసగా నాలుగుసార్లు గెలిచాడు.

మరి ఇంత వైభవం ఎందుకు ఆగింది? సామాన్య ప్రేక్షకుని దృష్టిలో పోటీ అంటే ఊరు, మైదానం, కప్పు. వృత్తి టెన్నిస్ దృష్టిలో అది క్యాలెండరులో ఒక వారం. ఆ వారంలో పోటీ జరిపే అనుమతి ఒక ఆస్తి; ఇంటి స్థలంవలె చేతులు మారుతుంది. 2014లో మెంఫిస్‌కున్న 500 స్థాయి అనుమతి బ్రెజిల్‌లోని రియో డి జనీరోకు వెళ్ళింది. అంతకు ముందు ఏడాదే ఆగిపోయిన శాన్ హోసే పోటీ తాలూకు 250 స్థాయి అనుమతి మెంఫిస్‌కు మిగిలింది. ప్రేక్షకులు చూచినది అదే క్లబ్బు, అదే కోర్టు. కాని లెక్క ప్రకారం అది మరొక పోటీ. చెన్నై వాసులకు ఈ సంగతి వివరించనక్కరలేదు. అదే 2017 జనవరిలో చెన్నై ఓపెన్ చివరిసారిగా జరిగి, మరుసటి ఏడాది పూణేకు తరలింది. 2023 తరువాత పూణేలోనూ ఆగింది.

మెంఫిస్ అనుమతి 2018లో న్యూయార్క్ ఓపెన్ పేరుతో లాంగ్ ఐలండ్ చేరింది. నల్లరంగు కోర్టులపై 2020 వరకు మూడేళ్ళు ఆడారు. తరువాత మహమ్మారి వచ్చింది. 2022లో పోటీ మళ్ళీ కదిలి డల్లాస్ వెళ్ళింది. రియోర్డన్ జీవితకాలం ఢీకొన్న లామార్ హంట్ ఊరు అదే. 2025 నుండి ఆ డల్లాస్ పోటీ 500 స్థాయికి పెరిగి, పొరుగున ఉన్న ఫ్రిస్కోలో, ఒక ఫుట్‌బాల్ జట్టు అభ్యాసం చేసే భవనంలో జరుగుతున్నది.