బల్ల మీది మొక్కను ఓసారి చూడండి

నిమ్మనపల్లెలో బస్సెక్కి మదనపల్లె, అక్కడి నుంచి బెంగళూరు. డిగ్రీ, బీటెక్ పూర్తయిన మన పిల్లల్లో చాలామంది దారి ఇదే. బయల్దేరేటప్పుడు బస్సు కిటికీలోంచి టమోటా తోటలు కనిపిస్తాయి. దిగాక అద్దాల భవనం, ఏసీ గది, ఎదురుగా ఒక కంప్యూటర్. పొద్దున లోపలికి వెళ్తే బయట ఎండ కాసిందో, వాన పడిందో కూడా తెలీదు.

‘ముందు ఉద్యోగం రానివ్వండి, ఆఫీసులో మొక్కల సంగతి తర్వాత చూద్దాం’ అంటారేమో. కానీ రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు గడపబోయే చోటు ఎలా ఉండాలన్నది ఉద్యోగం రాకముందే ఆలోచించుకోవాల్సిన విషయం.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. బల్ల మీద మొక్క పెడితే గదిలో గాలి శుభ్రమైపోతుందని చాలామంది నమ్ముతారు. ఈ మాటకు మూలం 1989లో నాసా వెలువరించిన ఒక పరిశోధన. అయితే అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. ఆఫీసు అలాంటి పెట్టె కాదు. అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో పాత ప్రయోగాలను మళ్లీ లెక్కగట్టారు. కిటికీలు, వెంటిలేషన్ చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు కనీసం 10, ఒక్కోసారి 1000 మొక్కలు కావాలని తేల్చారు. అంటే మనం కూర్చోవడానికి చోటు మిగలదు!

మరి లాభం ఎక్కడుంది? గాలిలో కాదు, మన మనసులో. గంటల తరబడి స్క్రీన్ వైపు చూస్తూ పట్టి పట్టి పనిచేస్తే ఏకాగ్రత అలసిపోతుంది. పచ్చటి ఆకుల మీద చూపు నిలిస్తే ఆ అలసట కొంత తీరుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. బ్రిటన్, నెదర్లాండ్స్ ఆఫీసుల్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 2014లో వచ్చాయి. ఏమీ లేని బోసి ఆఫీసులో మొక్కలు పెట్టాక పని 15 శాతం మెరుగుపడిందని అందులో తేలింది. జపాన్‌లో 63 మంది ఉద్యోగులతో ఇంకో ప్రయోగం చేశారు. అలసటగా అనిపించినప్పుడు మూడు నిమిషాలు బల్ల మీది మొక్కను చూడమన్నారు. కొన్ని వారాలకు వాళ్లలో ఆందోళన తగ్గింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ మొక్కను ఎంచుకున్నదీ, నీళ్లు పోసి చూసుకున్నదీ ఆ ఉద్యోగులే.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయకు సరైన మందు లేని కాలంలో, 1915లో అక్కడ శానిటోరియం మొదలైంది. ఆ రోజుల్లో శానిటోరియం వైద్యమంటే విశ్రాంతి, మంచి తిండి, మంచి గాలి. వాటితోనే జబ్బు నయమవుతుందని ఇప్పుడెవరూ అనరు. తర్వాత మందులు రావాల్సే వచ్చింది. కానీ చుట్టూ ఉన్న చోటు మనిషి మీద పనిచేస్తుందన్న ఎరుక మాత్రం తప్పు కాదు.

అందుకే ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు రిసెప్షన్‌లోని మొక్కలతో ఆగిపోకండి. అవి వచ్చేపోయేవాళ్ల కోసం పెట్టినవి. వీలైతే ఉద్యోగులు కూర్చునే బల్లల వైపు చూడండి. అక్కడ ఎవరో ప్రేమగా పెంచుకుంటున్న మొక్క కనిపిస్తే, ఆ ఆఫీసులో మనుషులకు తమ చోటు మీద కాస్త హక్కు ఉందనుకోవచ్చు. అన్నీ ప్లాస్టిక్ ఆకులే అయితే అదీ ఒక సమాచారమే. అలాగని మొక్కల్ని చూసి మోసపోవద్దు. రాత్రి పదింటిదాకా పని చేయించుకుని, జీతం సరిగా ఇవ్వని చోట గోడంతా పచ్చగా ఉన్నా ఏం లాభం? మొక్క మంచి ఆఫీసుకు తోడవుతుందే గానీ చెడ్డ ఆఫీసును బాగుచేయలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇంకోటి ఉంది. మీలో చాలామంది ‘మాది వ్యవసాయ కుటుంబం’ అని చెప్పడానికి ఇంటర్వ్యూలో తడబడతారు. ఎందుకు? నారు నాటి, తెగులు కనిపెట్టి, ధర పడిపోయినా మళ్లీ పంట వేసే ఇంట్లో పెరిగారు మీరు. ఆకు వాడిందంటే నీళ్లు తక్కువయ్యాయో, వేరు కుళ్లిందో చూసి చెప్పగలరు. ఆఫీసుల్లో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు లేక కాదు, రోజూ పోసి పోసి. మట్టిలో వేలు పెట్టి తడి చూడాలన్న సంగతి మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఓపికగా గమనించడం, అవసరమైనంతే చేయడం, ఫలితం కోసం ఎదురుచూడటం. ఏ ఉద్యోగానికైనా పనికొచ్చే గుణాలివి. మీ అనుభవంలోంచి ఒక ఉదాహరణతో ధైర్యంగా చెప్పండి.

ఈలోగా ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడు మీ పని చోటు మీరు చదువుకునే బల్లే. హాస్టల్ గదైనా సరే, పక్కింట్లో అడిగి ఒక మనీప్లాంట్ కొమ్మ తెచ్చుకోండి, డబ్బు ఖర్చు లేదు. వెలుతురు పడే కిటికీ దగ్గర పెట్టండి. సీసా నీళ్లలో పెంచితే వారానికోసారి నీళ్లు మార్చండి, లేదంటే దోమలు గుడ్లు పెడతాయి. మాక్ టెస్ట్ రాసి తల వేడెక్కినప్పుడు ఫోన్ తీయకుండా మూడు నిమిషాలు దాన్ని చూడండి.

ఫలితాలు ఎప్పుడొస్తాయో, పిలుపు ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. ఆ ఎదురుచూపుల్లో కొత్త ఆకు ఒకటి విచ్చుకోవడం చూస్తే, మన చేతుల్లో ఉన్నది కూడా కొంత ఉందని గుర్తొస్తుంది. రేపు ఉద్యోగం వచ్చి బెంగళూరు బస్సెక్కేటప్పుడు, ఆ తీగ నుంచి ఒక కొమ్మ మీ కొత్త బల్లకు తీసుకెళ్లండి.