పెరటికి రాస్ప్‌బెర్రీ కాదు, ఫల్సా

రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ మొక్కలను ఇంటి పెరటిలోనే పెంచవచ్చునను ప్రకటనలు ఇప్పుడు సెల్‌ఫోనులలో తరచుగా కనబడుచున్నవి. నిగనిగలాడు పండ్ల గుత్తుల బొమ్మ చూచి బాన్సువాడ ప్రాంతపు రైతు సోదరులకును మొక్కలు తెప్పింపవలెనను ఉత్సాహము కలుగవచ్చును. నిజాంసాగరు కాలువ క్రింద వరి ఇంటి గడప వరకు వచ్చిన గ్రామములలో, పెరటిలో నాలుగు పండ్లమొక్కలు వేయవలెనను కోరిక మెచ్చదగినదే. కాని ఆ సొమ్మును ఈ రెంటిపై పెట్టవద్దని మా అభిప్రాయము.

ఇవి చలి ప్రాంతపు మొక్కలు. శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును. ఆ నిద్ర తీరుటకు ఎర్ర రాస్ప్‌బెర్రీ రకములలో చాలవాటికి 7 డిగ్రీల సెల్సియసుకు లోపు చలి 800 గంటలో, అంతకు మించియో కావలెను. బ్లాక్‌బెర్రీకి కొంత తక్కువ చాలును. మన యొద్ద సంక్రాంతి ముందు చలి ఎంత వణికించినను అంతటి చలి తెల్లవారుజామున కొన్ని గంటలే. అట్టి రాత్రులును కొన్నియే. తక్కువ చలితో కాయు రకములు లేకపోలేదు. వాటికి మే నెల ఎదురగును. 40 డిగ్రీలు దాటిన ఎండలో లేత కొమ్మలు మాడును. పందిరి వేసి, పూట పూటకు నీరు పోసి బ్రతికించినను, వానలలో నల్లరేగడిలో నిలిచిన నీటికి వేరు కుళ్లును. వేసవిలో ఆ బిందెల నీరు మోయునది సాధారణముగా ఇంటి ఆడవారే గదా!

“లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుట లేదా?” అని మీరడుగవచ్చును. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున గలదు. బాన్సువాడ అందులో సగమెత్తైనను లేదు. పైగా స్ట్రాబెర్రీని వానల చివర నాటి వేసవి ముదురక మునుపే కోత ముగింతురు. రాస్ప్‌బెర్రీ అట్లు తప్పించుకొనలేదు. ఏటేట వేసవి నంతయు నిలువవలసినదే.

పేర్ల గందరగోళము వేరొకటి. మన నేరేడునే ‘ఇండియన్ బ్లాక్‌బెర్రీ’ అని వ్రాయువారు కలరు. వందల రూపాయలు పోసి నేరేడు మొక్కను తెచ్చుకొనుట ఎందుకు?

మరి ఏమి నాటవలెను? మొదట ఫల్సా. వేసవిలో హైదరాబాదు బజారులలో ఊదారంగున చిన్న చిన్న పండ్లుగా అమ్మునది ఇదే. షర్బతుకు పేరు పొందినది. మన ఎండకు వెరవదు. నీరు నిలువని చోట, లేదా మట్టి ఎత్తు చేసి, ఎనిమిది అడుగుల ఎడముగా రెండు మూడు మొక్కలు నాటిన ఇంటికి చాలును. ఫల్సా కొత్త కొమ్మపైననే కాయును గనుక, ఆకు రాలిన పిమ్మట డిసెంబరు, జనవరి నెలలలో పొదను నేలనుండి మూడడుగుల ఎత్తున నరికివేయవలెను. చెట్టు చచ్చునేమోయని కొందరు జంకుదురు. నరకకున్న చెట్టు పైకి పోవును, పండు చేతికందదు. నరికిన పిదప రెండు గంపల పశువుల ఎరువు వేసి తడి పెట్టవలెను. ఏప్రిలు నుండి పండ్లు వచ్చును. ఒక్కసారిగా పండవు; రోజు విడిచి రోజు ఉదయముననే కోయవలెను. ఒకటి రెండు రోజులకు మించి నిలువవు గనుక దూరపు అంగడిపై ఆశ వలదు. పిల్లలు తినుటకే పెంచుడు.

బ్లాక్‌బెర్రీ వంటి పండే కావలెనన్న మల్బరీ కలదు. పట్టుపురుగులు పెంచు రైతు నడిగిన పెన్సిలు లావు కొమ్మ ఊరకనే ఇచ్చును. అయితే కొన్ని మల్బరీ చెట్లు మగపూలే పూయును. కాయు చెట్టునుండియే కొమ్మ తీయుడు. కంచెకు వాక్కాయ వేసిన మేకలు లోనికి రావు, పప్పులోనికి పులుపును దొరకును.

గ్రామ పంచాయతీ కార్యదర్శులకు, విస్తరణాధికారులకు ఒక మనవి. పంచాయతీ నర్సరీలలో నీడచెట్లతోపాటు ఫల్సా, వాక మొక్కలనుకూడ కొన్ని వందలు పెంచిన, ఈ ప్రకటనల వెంట ఎవరును పోనక్కరలేదు. ఫల్సా గింజలను పండు దొరకు మే నెలలోనే సేకరించి, కడిగి నీడన ఆరబెట్టి, నిలువ ఉంచక సంచులలో విత్తవలెను.