జనులను దాటించు పడవకు జంట ఇంజనులు

గిలకలదిండి రేవునుండి వేటకు పోవు మరబోటుకు ఒక ఇంజను, ఒక ప్రొపెల్లరు చాలును. ఏలయన అడుగుదూలము వెనుక నడుమ నమరిన ఆ ప్రొపెల్లరుకు రేవు మొగయొద్ద మేటవేసిన ఇసుక తగులు భయము తక్కువ, డీజిలు, మరమ్మతుల వ్యయమును స్వల్పము. కాని ఏటిమొగ గ్రామమునుండి ఎదురుమొండి దీవికి జనులను దాటించు పడవకును, తుపాను వేళ దివిసీమ లంకలకు పోవలసిన రక్షణ పడవకును ఈ న్యాయము చెల్లదు. ఆటు వేళ కృష్ణపాయ నడుమ, ఉన్న ఒక్క ఇంజనును ఆగినచో పడవ ప్రవాహమునకు వశమై సముద్రము వైపు కొట్టుకొనిపోవును. జంట ప్రొపెల్లర్లున్నచో ఒకటి చెడినను రెండవది మెల్లగానైనను ఒడ్డు చేర్చును, అంతియగాక ఒకదానిని ముందుకు, వేరొకదానిని వెనుకకు త్రిప్పినచో పడవ ఇంచుమించు ఉన్నచోటనే మళ్లును. అయితే రెండింటికి డీజిలు టాంకు ఒక్కటియే అయినచో, అందు నీరు చేరిన నాడు రెండును ఒక్కమారే మొరాయించును. కావున టాంకులు, గొట్టములు, ఫిల్టర్లు వేర్వేరుగ నుండవలయును, ఇరుప్రక్కల వెలికి నిలిచిన ప్రొపెల్లర్లకు ఇనుప కవచమును ఉండవలయును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూచిన ఈ సీమలో రెండవ ఇంజనును ఆడంబరముగ నెంచక, జనులనెక్కించుకొను ప్రతి పడవకును ప్రభుత్వము దానిని నిబంధనగ విధింపవలెను.