బండి సంఖ్యయు, పూటకూటి పొయ్యియు

వాహనమునకు ముందును వెనుకను బిగించు సంఖ్యాఫలకము గుర్తు కొఱకు ఏర్పడినది. త్రోవలో ఒకనిని గ్రుద్ది పాఱిపోవు బండిని పట్టుకొనుటకు అదియే ఆధారము. పూర్వము పశ్చిమగోదావరి జిల్లా బండ్లకు 37 అను అంకె ఉండెడిది. ఏలూరి బండి ఏ దూరదేశమునకు పోయినను, ఆ అంకెను చూచి మన జిల్లావారని గుర్తింప వీలుండెడిది. 2019వ సంవత్సరమున రాష్ట్రమంతటికిని 39 అను ఒకే అంకె వచ్చుటతో ఆ ముచ్చట తీఱిపోయినది.

అంకెలమీది మోజు మాత్రము తీఱలేదు. 9999 కావలెనని ఒకడు, 1 కావలెనని వేఱొకడు, అంకెలన్నియు కూడినచో తనకు అచ్చివచ్చు సంఖ్య రావలెనని మఱియొకడు పోటీపడుదురు. రవాణాశాఖవారు అట్టి సంఖ్యలకు ప్రత్యేక రుసుము నిర్ణయించి, ఒకే సంఖ్యను పలువురు కోరినచో వేలము వేయుదురు. 2024లో హైదరాబాదునందలి ఖైరతాబాదు కార్యాలయమున 9999 అను సంఖ్య 25 లక్షల రూపాయలకు పైగా పలికినది. ఆ సొమ్ముతో మఱియొక కారు కొనవచ్చును! సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరును గనుక, ఈ మోజును నిందించి ప్రయోజనము లేదు. దానిని ఏ మంచిపనికి మళ్ళింపవచ్చునో ఆలోచించుట మేలు.

ఇతర దేశములవారు ఆలోచించిరి. అమెరికాలో 1986లో ఛాలెంజరు అను అంతరిక్షనౌక ప్రేలిపోగా, మఱుసటి యేడు ఫ్లోరిడా రాష్ట్రమువారు ఆ నౌక బొమ్మతో ప్రత్యేక ఫలకములను విక్రయించిరి. 2023లో దుబాయిలో ఒక ఫలకము 5 కోట్ల 50 లక్షల దిర్హములకు అమ్ముడుపోగా, ఆ ధనము ఆకలిగొన్నవారి అన్నమునకై కేటాయింపబడినది.

మన యొద్ద ఫలకముపై బొమ్మ వేయ వీలులేదు. కొల్లేటి గూడబాతు బొమ్మ ఎంత ముచ్చటగా ఉండునో యని ఎవరైన ఉత్సాహపడవచ్చును గాని, 2019 ఏప్రిలు నుండి క్రొత్త బండ్లన్నిటికి ఒకే తీరు భద్రతాఫలకము తప్పనిసరియైనది. దొంగబండ్లను అరికట్టుటకు అది అవసరము కూడ. కావున మన చేతనున్నది సంఖ్యల వేలము మాత్రమే. ఏలూరు, తాడేపల్లిగూడెము బండ్ల సంఖ్యలవలన వచ్చు ధనములో నూటికి పది వంతులు ఆ ప్రాంతపు చిన్న పూటకూళ్ళ మేలునకు ప్రత్యేకించుట న్యాయముగా నుండును.

పూటకూళ్ళకే యేల? అన్నము అమ్ముట వర్తకము కాదా? వర్తకమే. ఓరుగంటి పూటకూటింటిలో రూక యిచ్చి భుజించిన వైనము క్రీడాభిరామమునందు కలదు. నాటినుండియు ఊరుగాని ఊరు వచ్చినవానికి తల్లివంటిది పూటకూటిల్లే. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారులో బస్తాలు మోయు కూలీ, ఏలూరు ఆసుపత్రిలో రోగికి తోడు వచ్చిన పల్లెటూరి యిల్లాలు, గదిలో వంట వీలుపడని విద్యార్థి, వీరందఱు పెద్ద హోటలు మెట్లెక్కువారు కారు. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు ఆగిపోయినప్పుడు మొదట చల్లాఱినది ఈ చిన్న పొయ్యియే. దానితోపాటు పిండి రుబ్బు ఆమె కూలియు, విస్తళ్ళు కుట్టువాని బేరమును, పాలవాని వాడుకయు ఆగిపోయినవి. ఆ యేడు జూనులో కేంద్రప్రభుత్వము వీథివర్తకులకు 10,000 రూపాయల ఋణము ఏర్పఱచినది; మంచిదే గాని, ఋణము తీర్పవలసినదే గదా! 2024 సెప్టెంబరులో బుడమేటి వరద కొల్లేటికి చేరి లంకగ్రామములను ముంచినది. దారులు మునిగినచో బాటప్రక్క పాకలో చేపలపులుసు వండి అమ్ముకొనువారికి గిరాకి యెక్కడిది? కొల్లేటి చేప మంచుగడ్డలతో లారీలనెక్కి వంగదేశమునకు పోవును. దానిని వండి పెట్టు పాకకు మంచినీటి కుళాయి యుండదు.

ఆ కుళాయికే ఈ ధనము పోవలెను. రొక్కము చేతికిచ్చుట తగదు. ఇచ్చినచో పలుకుబడి గలవాడు ముందు నిలుచును. మోజు నేడుండి రేపు పోవచ్చును గనుక జీతములవంటి ఏటేటి ఖర్చులకు దీనిని నమ్ముకొనరాదు. ఒకసారి కట్టినచో నిలుచు పనులకే వినియోగింపవలెను: బస్సు నిలయముల చెంత పది పాకలకు ఉమ్మడిగా మంచినీరు, పాత్రలు తోముకొను గచ్చు, మురుగు పోవు కాలువ, ఈగలు వ్రాలని పెట్టెలు. ఇందువలన లాభము అమ్మువానికంటె తినువానికి ఎక్కువ.

ఖజానా సొమ్ము రహదారులకు చాలనప్పుడు ఈ పంపకమేల యని అధికారులు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు అర్థము లేకపోలేదు. అందువలననే సగము కోరుట లేదు, పది వంతులే కోరుట. ఏ సంఖ్యకు ఎంత వచ్చినది, ఆ ధనముతో ఏ వీథిలో ఏ కుళాయి పడినది రవాణా కార్యాలయపు గోడమీద మూడు నెలలకొకసారి పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. 9999 కొన్న ఆసామి తన సొమ్ముతో పడిన కుళాయి యొద్ద కారు నిలిపి, చేయి కడుగుకొని ఇడ్డెనలు తినిపోవచ్చును.